బావగారి యాంప్లిఫయరు, బావమరిది స్పీకర్లు

రాగితీగ చివరను బ్లేడుతో గీకుతూ బావగారు ఈల వేస్తున్నారు. పైపూత పొడిపొడిగా రాలి లోపలి ఎర్రటి లోహం బయటపడే కొద్దీ ఈల ఇంకాస్త పైకి పోతోంది. అటు గీకి, ఇటు తిప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, తీగను కంటికి ఆనించినంత దగ్గరగా తెచ్చుకుని చూశారు. ఎక్కడో గోరంత పూత మిగిలింది. మళ్లీ గీకారు. ఇంత లావు తీగతో ట్రాన్స్‌ఫార్మరు చుట్టడం ఆయన జీవితంలో ఇదే మొదలు. చుట్టీ చుట్టీ బొటనవేళ్లు రెండూ కాయలు కాశాయి. ఆ నొప్పి కూడా ఇవాళ హాయిగానే ఉంది.

"ఏవండీ, చొక్కా తిరగేసి తొడుక్కున్నారు," వెనక గదిలోంచి వచ్చిన ఇల్లాలు అంది.

"తొడుక్కున్నానా లేదా? అది చాలు. ఇవాళ నన్ను కదిలించకు."

"నేను కదిలించాలా? తెల్లారినప్పటి నుంచీ కాలుకాలిన పిల్లిలా మీరే తిరుగుతున్నారు."

ఆయన నవ్వి ఈల అందుకున్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపి లోపలికి పోయింది.

ఆయనకు బావగారు అన్న పేరు తెచ్చిపెట్టింది బావమరిది, అంటే ఆ ఇల్లాలి తమ్ముడు. ఇంటి ముందు గదే దుకాణం. అందులో రోజంతా అతను "బావా, బావా" అని అరుస్తుంటే విని విని, ఉత్తరాలు తెచ్చే మనిషి నుంచి పక్కింటి దర్జీ వరకూ వీధి వీధంతా బావగారూ అనడం మొదలుపెట్టింది. వరస ఒక్కడిదే, పిలుపు మాత్రం ఊరందరిదీ అయింది. ఆయన కూడా ఎప్పుడూ కాదనలేదు. యాంప్లిఫయర్లు చేయడం, చెడిపోతే బాగుచేయడం ఆయన పని. స్పీకర్లు బావమరిది పని. బడుల్లో, బస్టాండుల్లో, సభల్లో "హలో, హలో, మైక్ టెస్టింగ్" అనే గొంతులన్నీ ఈ గదిలోంచి వెళ్లినవే. ఇన్నేళ్లలో ఇద్దరూ కలిసి తినని రోజు లేదు, పోట్లాడుకోని రోజు అంతకన్నా లేదు.

అసలు ఆ చుట్టరికం కలిసిందే ఒక రేడియో వల్ల. ఒకే అద్దె మైకుల దుకాణంలో పనిచేసే రోజుల్లో, మా ఇంట్లో రేడియో పాడటం లేదు రమ్మని అతనే ఈయనను పిలుచుకెళ్లాడు. ఈయన బాగుచేసి వచ్చారు. వారం తిరక్కుండా మళ్లీ పాడైంది. మళ్లీ వెళ్లారు. వెళ్లినప్పుడల్లా కాఫీ తెచ్చిచ్చిన అమ్మాయి ఇప్పుడు వెనక గదిలో గిన్నెలు సర్దుతోంది. రేడియో వైరు వారం వారం పీకిన చెయ్యి తనదేనని బావమరిది పెళ్లయిన చాలా ఏళ్లకు గానీ ఒప్పుకోలేదు.

ఆ బావమరిది ఇవాళ సాయంత్రం బస్సుకు వెళ్లిపోతున్నాడు. మేడ మెట్ల దగ్గర అతని సంచీ కట్టేసి ఉంది. భార్య పోయినప్పటి నుంచీ మేడ మీద గదిలో ఒంటరిగానే ఉన్నాడు. ఇప్పుడు చూపు మందగించింది, చేతులు వణుకుతున్నాయి. కూతురు తన దగ్గరికి రమ్మని పట్టుబట్టింది. వెళ్లడం మంచిదేనని అందరూ ఒప్పుకున్నారు. బావగారు అందరికంటే ముందు ఒప్పుకుని, ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచారు.

వెళ్లేలోపు ఒక్క పని జరగాలి. ఆ స్పీకర్లు పాడాలి. పాడితే అతను వినాలి.

అవి గోడవారగా నిలబడి ఉన్నాయి. మనిషెత్తు ఉంటాయి. తలుపు రెక్కల్లా సన్నగా, నల్లటి జాలీ వేసుకుని. ఎప్పుడో మూతపడ్డ ఒక రికార్డింగ్ స్టూడియో సామాను తూకానికి అమ్మేస్తుంటే బావమరిది తోపుడు బండి మీద తోయించుకొచ్చాడు. మామూలు స్పీకరులో కాగితపు గిన్నె ఒకటి కొట్టుకుంటూ శబ్దం చేస్తుంది. వీటిలో గిన్నె లేదు. రెండు బారు అయస్కాంతాల మధ్య ఉల్లిపొరలాంటి అల్యూమినియం రేకు, సన్నటి రిబ్బన్‌లా పై నుంచి కింది దాకా వేలాడుతూ ఉంటుంది. పాటకు అది వణుకుతుంది. గట్టిగా ఊపిరి వదిలితే చిరిగిపోయేంత సుకుమారం. ఇల్లాలు మాత్రం వాటికి సవతులు అని పేరు పెట్టింది. ఊడ్చేటప్పుడు "జరగండమ్మా సవతులూ" అంటుంది.

వాటితో చిక్కేమిటంటే, అంత సన్నని, అంత పొట్టి దారి కరెంటును ఏమాత్రం ఆపదు. యాంప్లిఫయరు కళ్లకు అది రెండు వైర్ల కొసలు కలిపేసినట్టే కనిపిస్తుంది. అడ్డు లేని దారిలో కరెంటు వరదలా పరిగెడుతుంది. యాంప్లిఫయరు కుతకుత ఉడికిపోయి, ఫ్యూజు ఎగిరిపోయి, ఒక్కోసారి లోపల ఠప్పుమని పేలి మరీ చస్తుంది. బావగారు మొదట పెట్టింది పొగలు కక్కింది. దాని కంటే పెద్దది పెట్టారు, అది ఇంకా పెద్ద పొగ వదిలింది. బలం చాలదనుకుని ఎవరి దగ్గరో ఇద్దరు మోస్తే గానీ కదలనిది అరువు తెచ్చారు. పాట పల్లవి దాటకుండానే అదీ కన్నుమూసింది.

"నీ స్పీకర్లు రాక్షసులురా. నా బిడ్డల్ని మింగేస్తున్నాయి."

"ఆడలేక మద్దెల ఓడందట. నీ యాంప్లిఫయర్లు వట్టి పిరికివి బావా."

అప్పటి నుంచీ అదే గొడవ. పంతం మీద పంతం. మధ్యలో రిబ్బన్లు పాతబడి చిరిగితే బావమరిది కొత్తవి చేశాడు. రేకును కత్తిరించి, పళ్లచక్రాల్లాంటి రోలర్ల మధ్య నడిపి ముడతలు పెట్టాలి. చెయ్యి వణికి చిరిగినవి చిరగ్గా, వర్షాలు మొదలైనప్పుడు కూర్చున్నవాడు చలి ముదిరాక లేచాడు. లేచి, "అయిపోయింది బావా. ఇంక మళ్లీ నా వల్ల కాదు," అన్నాడు. ఆ మాట బావగారి గుండెలో ములుకులా దిగింది.

ఆ తర్వాత ఒకరోజు అన్నం కలుపుతూ కలుపుతూ ఆయన ఆగిపోయారు. బలం కాదు కావలసింది! ఇద్దరికీ పొత్తు కుదరనప్పుడు మధ్యలో పెద్దమనిషి ఉండాలి. ఇటు యాంప్లిఫయరు దగ్గర సన్నతీగ ఎక్కువ చుట్లు, అటు రిబ్బన్ దగ్గర లావుతీగ కొద్ది చుట్లు. అలాంటి ట్రాన్స్‌ఫార్మరు మధ్యలో పెడితే యాంప్లిఫయరుకు తనకు తగిన బరువే కనిపిస్తుంది, రిబ్బన్‌కు తనకు కావలసినంత కరెంటు అందుతుంది. పెద్ద యాంప్లిఫయరు కూడా అక్కర్లేదు. తన చేతులతో చేసి, అటక మీద పడేసిన రెండు పాత చిన్నవి చాలు, ఒక్కో స్పీకరుకు ఒక్కోటి. ఎంగిలి చేత్తోనే లేచి అటక మీదికి నిచ్చెన వేశారు.

ఇవాళ రెండో ట్రాన్స్‌ఫార్మరు చివరి తీగ గీకడం కూడా అయిపోయింది. టంకం వేశారు. ఒక్క విషయంలో మాత్రం ఆయనకు గుబులు తీరలేదు. స్విచ్ వేయగానే ఏ పొరపాటు కరెంటో అటు దూకితే? తన యాంప్లిఫయరు పోతే పోయింది, మళ్లీ చేసుకోవచ్చు. వాడి రిబ్బన్ పోతే మళ్లీ చేసే చేతులేవి? తలుపు వంక ఓసారి చూసి, యాంప్లిఫయర్ల అడుగు మూతలు విప్పి, ఒక్కోదానిలో తెల్లటి పింగాణీ రెసిస్టరు ఒకటి, కరెంటు దారికి కొంత అడ్డుగా, టంకంతో బిగించి మూసేశారు. కాస్త శబ్దం తగ్గుతుందేమో, రేకు మాత్రం బతుకుతుంది. ఈ సంగతి బావమరిదికి తెలిస్తే ఏం అంటాడో ఊహించుకోవడానికే భయం వేసి, స్క్రూలు ఇంకో తిప్పు తిప్పారు.

"ఏం బావా, ముహూర్తం దాటిపోయేలా ఉంది," అంటూ బావమరిది మెట్లు దిగాడు. ప్రయాణానికని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కళ్లజోడు దళసరిగా ఉంది. ఒక చెయ్యి గోడ పట్టుకుంది, రెండో చెయ్యి దేన్నీ పట్టుకోకపోయినా వణుకుతోంది.

"కూర్చోరా. ఇవాళ నీ నోరు మూతపడుతుంది చూడు."

"పొగొస్తే చెప్పు, కిటికీలు తీస్తాను."

బావగారు వైర్లు బిగించారు. చేతులు వణుకుతున్నాయి. వయసు వణుకు కాదది, పెళ్లిచూపుల నాటి వణుకు. బావమరిది గదిలోకల్లా మంచి కుర్చీ చూసుకుని రెండు స్పీకర్లకూ నడిమధ్యన వేసుకున్నాడు. రికార్డు తిరిగింది. ముల్లు దిగింది. ఒక స్త్రీ పాట. పొగ రాలేదు, ఫ్యూజు ఎగరలేదు, ఏదీ పేలలేదు.

పాట మాత్రం ముసుగుతన్ని పడుకున్న మనిషి దుప్పటి కింద నుంచి పాడినట్టు వచ్చింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బావమరిది తల పంకిస్తూ, "బాగుంది బావా. చాలా బాగుంది," అన్నాడు.

జన్మలో అతని నోటి నుంచి రాని మాట అది. బావగారికి ఏడుపొచ్చినంత పనైంది. తిట్టినా బాగుండేది. వెళ్లిపోయేవాడికి మొహమాటం వచ్చిందంటే ఇంక ఏం మిగిలినట్టు?

అంతలో ఫోను మోగింది. బావమరిది కూతురు. "మామయ్యా, నాన్నను బస్సెక్కించడం మర్చిపోరుగా? స్పీకర్ల దగ్గర కూర్చుంటే మీ ఇద్దరికీ ఒళ్లు తెలీదు."

"నువ్వు కంగారు పడకమ్మా. నేనే స్కూటరు మీద దింపుతా," అని పెట్టేశారు. పెట్టేసి, "ఒరేయ్, మీ అక్క కాఫీ కలుపుతోందేమో చూసిరా," అన్నారు.

అతను అటు వెళ్లగానే ఇటు స్విచ్ ఆపి మూతలు విప్పారు. పాపం తనదే! వాడి రేకును కాపాడబోయి వాడి పాటనే నొక్కేశారు. రెసిస్టర్లు రెండూ పీకి, తెగిన చోట తీగలు కలిపేశారు. అడుగుల చప్పుడు వినిపించింది. గబుక్కున ఒకటి పంచె మడతలో దోపి, రెండోదాన్ని జేబులో వేసుకోబోయారు. చొక్కా తిరగబడి ఉందాయె, జేబెక్కడుంది? అది కాస్తా జారి, టంగుమని నేలకు తగిలి, బల్ల కిందికి దొర్లిపోయింది.

"ఏంటి బావా ఆ చప్పుడు?"

"స్క్రూ. ఇంకోసారి వేస్తున్నా, విను."

వేశారు. దుప్పటి కొంచెం పలచబడింది. తొలగలేదు.

బావగారు యాంప్లిఫయరు మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయారు. చల్లగా ఉంది. రిబ్బన్‌ను మోస్తున్న యాంప్లిఫయరు ఇంత చల్లగా ఉండటమా? కరెంటు ఇక్కడి నుంచి వెళ్లాల్సినంత వెళ్లడం లేదన్నమాట. దారిలో ముందెక్కడో ఎవరో అడ్డం పడ్డారు. అప్పుడే ముక్కుకు వాసన తగిలింది. కాలుతున్న దుమ్ము వాసన. అది యాంప్లిఫయరు వైపు నుంచి రావడం లేదు. స్పీకరు వెనక నుంచి వస్తోంది.

స్క్రూడ్రైవరు పట్టుకుని అటు నడిచారు. బావమరిది కుర్చీలోంచి లేచి చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"ముట్టుకోకు బావా. స్పీకర్ల జోలికి నువ్వు రాకూడదని మన ఒప్పందం."

"పక్కకు జరుగు."

"జరగను. నా స్పీకరు నా ఇష్టం."

"ఒరేయ్, వెనక ఏదో కాలుతోందిరా గాడిదా!"

అతను జరిగాడు. స్విచ్ ఆపి వెనక పలక విప్పితే, రిబ్బన్‌కు వెళ్లే దారిలో పొగరుగా కూర్చుని ఉంది ఒక తెల్లటి పింగాణీ రెసిస్టరు. తీగలు టంకం లేకుండా మెలిపెట్టి ఉన్నాయి. అది బావమరిది పద్ధతి. రెండో స్పీకరు వెనకా అలాంటిదే ఉంది. అసలే అంతంత మాత్రం అడ్డు ఉన్న రిబ్బన్ ముందు దాన్ని పెడితే, పాటలో ముప్పాతిక వంతు దాని పొట్టలోకే పోతుంది.

"ఏంట్రా ఇది?"

బావమరిది కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. "నువ్వు చుట్టీ చుట్టీ వేళ్లు కాయలు కాయించుకున్నావు. మళ్లీ ఇదీ పేలిపోతే... నేను వెళ్లే రోజు నీ మొహం అలా చూడలేక... కాస్త బరువు తగ్గితే నీ యాంప్లిఫయరు నిలబడుతుందని పెట్టాను."

"నా యాంప్లిఫయరు పిరికిదని కదా ఇన్నేళ్లూ అన్నావు?"

"అందుకే పెట్టాను!"

బావగారు స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశారు. అంత పొడుగు మనిషీ అక్కడే స్టూలు మీద కూలబడ్డారు. గెలిచానని ఎగరాలని ఉంది, వాణ్ణి పట్టుకుని ఏడవాలని ఉంది. రెండూ ఒకేసారి కుదరక గొంతు సవరించుకున్నారు. "వెధవా, వెధవన్నర వెధవా. పాటను చంపేశావు కదరా. నేనైతే కలలో కూడా ఇలాంటి పని చేస్తానా?"

విప్పినప్పుడు కిందపడ్డ స్క్రూ కోసం బావమరిది మోకాళ్ల మీద వంగి బల్ల కింద చేత్తో తడుముతున్నాడు. చేతికి తగిలిన దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"మరి ఇదేంటి బావా?"

బావగారు పైకప్పు వంక చూశారు.

"టంకం వేసి ఉంది. తీగలు సమానంగా కత్తిరించి ఉన్నాయి. ఇంత నీటు పని నాది కాదే?"

"రిబ్బన్ చిరిగిపోతుందేమోనని..." అన్నారు బావగారు, ఎవరో వేరే వాళ్ల తప్పు చెబుతున్నట్టు.

ముందు నవ్వింది బావమరిదే. నేల మీద కూర్చుని, కడుపు పట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. బావగారు స్టూలు మీద నుంచి జారబోయి నిలదొక్కుకున్నారు. కాఫీ గ్లాసులతో వచ్చిన ఇల్లాలికి సంగతి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక ఆవిడ గ్లాసులు బల్ల మీద పెట్టి, "దొందూ దొందే. ఇన్నాళ్లూ మీ ఇద్దరి మధ్య ఎలా బతికానో నాకే తెలీదు," అని వెళ్లిపోయింది.

స్పీకర్లలోవి కూడా పీకేశారు. పీకినవీ, బల్ల కింద దొరికినదీ బల్ల మీద వరసగా పడ్డాయి. ఇప్పుడు మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు తప్ప అడ్డమంటూ ఏదీ లేదు.

"నీ రిబ్బన్ పోతే?" అన్నారు బావగారు స్విచ్ మీద వేలు పెట్టి.

"పోతే పోనీ. నీ యాంప్లిఫయరు పోతే?"

"పోనీరా!"

స్విచ్ పడింది. ముల్లు దిగింది.

మొదట వచ్చింది పాట కాదు. పాట ఎత్తుకునే ముందు ఆ గాయని లోపలికి తీసుకున్న ఊపిరి వచ్చింది. రెండు నల్లటి జాలీల మధ్య, ఏమీ లేని ఖాళీ చోట, ఎవరో నిలబడి ఊపిరి తీసుకున్నారు. బావగారి చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఆ తర్వాత గొంతు ఎత్తుకుంది. అబ్బ! ఇన్నేళ్లుగా వింటున్న రికార్డే అది. ఆవిడ పెదవి తడి చేసుకోవడం ఎప్పుడైనా విన్నారా? వెనక వయొలిన్ మనిషి కమాను తిప్పుకునేటప్పుడు కుర్చీ కిర్రుమనడం విన్నారా? పాట గది గోడలు దాటి ఎక్కడికో పోతోంది, గది ఉన్నట్టుండి పెద్దదైపోయింది.

"ఏవండీ, ఎవరో వచ్చినట్టున్నారు. ఆవిడకూ కాఫీ కలపనా?" అంటూ వచ్చిన ఇల్లాలు గుమ్మంలోనే ఆగిపోయింది. గదిలో వాళ్లిద్దరే ఉన్నారు. ఆవిడ స్పీకర్ల వంక చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఓ సవతీ, నీకింత గొంతుందా!" అంది.

బావగారు గబగబా యాంప్లిఫయరు ముట్టుకుని చూశారు. గోరువెచ్చగా ఉంది. ఫ్యూజు ఉంది. రిబ్బన్ నిలబడి ఉంది. "చూశావా! చూశావట్రా! మోస్తోంది! పిరికిదా ఇది? చెప్పు, పిరికిదా?" చిన్నపిల్లాడిలా గది చుట్టూ ఒక చుట్టు తిరిగారు. బావమరిది కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చెంపలు రెండూ తడిగా ఉన్నాయి, తుడుచుకోవడం లేదు. కాసేపటికి, "బావా, కూర్చో. నీ నీడ కదులుతుంటే పాడే ఆవిడ కూడా కదులుతోంది," అన్నాడు.

బావగారు స్టూలు పక్కకు లాక్కుని, భుజానికి భుజం తగిలేలా కూర్చున్నారు. కళ్లు మూసుకున్నారు. ఒక పాట అయింది, ఇంకొకటి మొదలైంది. మధ్యలో ఎప్పుడో భుజం మీద ఒక చెయ్యి పడి, ఒక్క క్షణం ఉండి, తీసేసినట్టు అనిపించింది. వాడికి కూడా ఒళ్లు పులకరించి ఉంటుందనుకున్నారు. కళ్లు తెరవలేదు.

రికార్డు అయిపోయి ముల్లు చివరి గాడిలో గరగరలాడుతుంటే తెరిచారు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మెట్ల దగ్గర సంచీ లేదు.

ఇల్లాలు వీధి గుమ్మంలో కొంగు కళ్లకద్దుకుంటూ నిలబడి ఉంది. "వెళ్లాడండీ. దర్జీ తన బండి మీద తీసుకెళ్లాడు. లేపుతానంటే వద్దన్నాడు. పాట మధ్యలో కదిలిస్తే బావకు కోపమన్నాడు. బస్సు దగ్గర మీ మొహం చూస్తే తను ఎక్కలేడట."

"ఎంత మోసం చేశాడే!" అన్నారు బావగారు. గుమ్మం దాకా వెళ్లారు. వీధి చివర దుమ్ము కూడా లేదు. అయినా ఛాతీలో పాట ఇంకా కొట్టుకుంటూనే ఉంది. వాడు విన్నాడు. వెళ్లేలోపు విన్నాడు. ఆ మాట పైకే రెండుసార్లు అనుకున్నారు. ఇల్లాలు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

ఏం చేయాలో తోచక బల్ల సర్దబోయారు. పంచె మడతలో దోపినది ఇంకా అక్కడే ఉంది, తీసి డబ్బాలో వేశారు. బల్ల మీద మిగిలిన వాటిలో టంకం వేసినది, తీగలు సమానంగా కత్తిరించినది, తనది, కనిపించలేదు. బల్ల కింద చూశారు. కుర్చీ కింద చూశారు. ఆ తర్వాత అర్థమైంది. "నాది పట్టుకుపోయాడే దొంగ!" అని నవ్వబోయి, కూర్చుండిపోయారు.

బావమరిదివి మాత్రం బల్ల మీదే ఉన్నాయి. ఒకటి పక్కకు ఒరిగిపోయింది. రెండోది కాఫీ గ్లాసు పక్కన, ఒక కొస వేడికి కాస్త గోధుమరంగు తిరిగి, వణికే వేళ్లు మెలిపెట్టిన తీగలు ఇంకా మెలికలుగానే ఉండి, తెల్లగా నిలబడి ఉంది.